రాసిచ్చేటోళ్లెవలు?

కథ చదివితే రచయిత పేరు వెతుక్కుంటాం. పాట వింటే రాసిందెవరని అడుగుతాం. టీవీలో టాక్ షో చూసేటప్పుడు మాత్రం ఈ అలవాటు మనల్ని వదిలిపోతుంది. బల్ల వెనక ఒకాయన కూర్చుని ఉంటాడు. పక్క సోఫాలో అతిథి. ఆయన ఒక మాట విసురుతాడు, జనం గొల్లున నవ్వుతారు. ఎంత సమయస్ఫూర్తి అనుకుంటాం. ఆ సమయస్ఫూర్తిని పొద్దుటి నుంచీ ఒక గదిలో పదిమంది కూర్చుని తయారు చేశారనీ, వాళ్లు రాసిన వాటిలో చాలా భాగం చెత్తబుట్టలోకి పోయిందనీ మనకు తట్టదు. మాట్లాడే నోరే మాటకు సొంతదారు అని నమ్ముతాం. ఈ నమ్మకం ఎవరికి లాభమో, ఎవరికి నష్టమో మనం ఆలోచించాలి.

అమెరికాలో అర్ధరాత్రి టాక్ షో అనేది ఒక పెద్ద సంప్రదాయం. ఎన్‌బీసీలో 'టునైట్ షో' 1954లో మొదలైంది. జానీ కార్సన్ 1962 నుంచి 1992 దాకా ముప్ఫై ఏళ్లు ఆ బల్ల వెనక కూర్చున్నాడు. ఆయన దిగిపోయిన మూడు నెలలకే, 1992 ఆగస్టులో, హెచ్‌బీఓలో 'ద లారీ శాండర్స్ షో' అనే హాస్య ధారావాహిక వచ్చింది. ఇది టాక్ షో కాదు, ఒక కల్పిత టాక్ షో తెర వెనక ఏం జరుగుతుందో చూపే కథ. డెనిస్ క్లైన్‌తో కలిసి దాన్ని సృష్టించిన గారీ షాండ్లింగ్ తానే లారీ వేషం వేశాడు. కార్సన్ సెలవు పెట్టిన రోజుల్లో అదే కుర్చీలో కూర్చుని షో నడిపిన మనిషి కాబట్టి అతనికి ఆ ఇంటి గుట్టంతా తెలుసు. 1998 మే దాకా ఆరు సీజన్లు నడిచింది. తర్వాత వచ్చిన ఎన్నో ధారావాహికలకు అది బడి అయింది.

నేనది చూసింది చాలా ఆలస్యంగా. నిజామాబాద్‌లో తెలుగు లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యాక బాసరలో మా అవ్వ దగ్గరికి వచ్చేశాను. అవ్వకు ఎనభై దాటాయి. మా చెల్లె బిడ్డ హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. వానాకాలంలో పది రోజులు ఇంటి నుంచే పని చేసుకుంటానని మా దగ్గరికి వచ్చి, రాత్రిళ్లు తన లాప్‌టాప్‌లో ఈ ధారావాహిక పెట్టేది. "పెద్దమ్మా, నువ్వు ఒకప్పుడు టీవీకి రాసినవు కదా, ఇది చూడు" అన్నది. అవ్వకు ఇంగ్లీషు రాదు. నేను పక్కన కూర్చుని చెబుతుండేదాన్ని. నాలుగో రోజో అయిదో రోజో అవ్వ అడిగింది: "గాయిన మాట్లాడవట్టిండు గని, గా మాటలు రాసిచ్చేటోళ్లెవలే?"

ఆ ధారావాహిక అంతా నిజానికి ఈ ప్రశ్నకు జవాబే. దాన్ని తీసిన పద్ధతిలోనే ఆ జవాబుంది. టాక్ షో నడిచే దృశ్యాలు ప్రేక్షకుల ముందు వీడియో మీద తీశారు, మెరుస్తూ ఉంటాయి. పరదా దాటి వెనక్కి రాగానే ఫిల్మ్ మీదకు మారుతుంది, రంగు తగ్గుతుంది, మనుషులు అసలు మొహాలతో కనబడతారు. ముందు నవ్వుతూ చేతులు చాచిన లారీ వెనక్కి రాగానే తన మొహం ఎలా కనిపించిందో, తనను ఎవరు మెచ్చుకోలేదో అని బెంగపడుతుంటాడు. ఆ బెంగను మోయడానికే అంత పెద్ద ఆఫీసు పనిచేస్తుంటుంది. నిర్మాత ఆర్టీ అబద్ధాలాడి, బెదిరించి, బుజ్జగించి అతన్ని రోజూ పరదా దాకా నడిపిస్తాడు. పక్క వాయిద్యంలాంటి హ్యాంక్, యజమాని వెలుగులో కాస్త తన మీద పడుతుందేమోనని ఎదురుచూస్తూ బతుకుతాడు. మగవాడి అహం ఎంత మంది జీతాల మీద నిలబడుతుందో ఇంత నవ్వు పుట్టిస్తూ చూపినవి నేను ఎక్కువ చూడలేదు.

మరి ఆడవాళ్లు? ఉన్నారు. లారీ సహాయకురాలు బెవర్లీ నల్లజాతి స్త్రీ. అతనికి ఎవరు ఫోన్ చేశారో, ఎవరితో మాట్లాడకూడదో, ఎప్పుడు ఏం తినాలో అన్నీ ఆమెకు తెలుసు. అతిథుల్ని పట్టుకొచ్చే పని పౌలాది. ఎవరైనా చివరి నిమిషంలో రానంటే ఆ తిట్లు ఆమెకు. హ్యాంక్ సహాయకురాలు డార్లీన్ పని అతని చిన్నబుచ్చుకోవడాల్ని సర్దడం. ఈ ముగ్గురూ తెలివైన వాళ్లే, ముగ్గురికీ మంచి సంభాషణలున్నాయి. గుర్తుంచుకోవడం, కుదర్చడం, ఓదార్చడం అనే మూడు పనులూ వీళ్లవి. ఇంట్లో మన పనులూ ఇవే కదా. ఇంటి చాకిరీకి ఆఫీసులో బల్ల, ఫోనూ ఇచ్చారంతే.

తెర వెనకకు ఇంకో వెనక కూడా ఉంటుంది. డార్లీన్ వేషం వేసిన లిండా డౌసెట్‌కూ షాండ్లింగ్‌కూ నిజజీవితంలో అనుబంధం ఉండేది. అది తెగిపోయాక ఆ ధారావాహికలో ఆమె ఉద్యోగం కూడా పోయింది. ఆమె కోర్టుకెక్కింది, చివరికి డబ్బిచ్చి రాజీ చేసుకున్నారు. అధికారం ఉన్న మగవాడి చపలత్వాన్ని అంత నిర్దాక్షిణ్యంగా బయటపెట్టిన రచనే తన సెట్టు మీద దాన్ని ఆపలేకపోయింది. దీనికోసం ఆ ధారావాహికను చూడొద్దని నేననను. చూసేటప్పుడు ఇది కూడా తెలిసి చూడాలంటాను.

అవ్వ ప్రశ్నకు సూటిగా సంబంధించిన ఎపిసోడ్ ఒకటుంది. రచయితల గదిలోకి వెండీ అనే కొత్త అమ్మాయి వస్తుంది. ఆ వేషం వేసింది సారా సిల్వర్‌మన్. గదిలో పెద్ద ఫిల్. వెండీ రాసినవి ముందుకు పోవు. బాగాలేక కాదు, ఆడపిల్ల రాసింది కాబట్టి. సిల్వర్‌మన్‌కు ఇది నటన ఒక్కటే కాదు. ఆమె 1993-94లో 'సాటర్డే నైట్ లైవ్'లో ఒక సీజన్ రచయితగా పనిచేసింది. ఆమె రాసిన ఒక్క స్కెచ్ కూడా ప్రసారం కాలేదు. చివరికి ఉద్యోగం తీసేశామన్న కబురు ఫ్యాక్స్‌లో పంపారు.

ఇది అవ్వకు చెప్పడానికి నేను తంటాలు పడ్డాను. జోకు రాయడం ఉద్యోగమేంది, దాన్ని ఒకడు తీసేయడమేంది అని. అవ్వే అందుకుంది. "గుమాస్తా బీడీలు ఏరినట్టు" అన్నది. అంతే, నేను చెప్పాల్సింది ఇంకేం లేకపోయింది.

గోదావరి అవతల నిజామాబాద్ వైపు ఊళ్లలో లాగే మా వాడకట్టులోనూ ఆడవాళ్లు బీడీలు చుట్టేవాళ్లు. ఒళ్లో చాట, అందులో తునికాకు, తంబాకు, పక్కన దారం, కత్తెర. పగలంతా చుట్టి కట్టలు కట్టి కార్ఖానాకు తీసుకుపోతే, గుమాస్తా కట్ట విప్పి వేళ్ల మధ్య నొక్కి చూసేవాడు. ఆకు పలచగుందనో, తంబాకు తక్కువైందనో కొన్ని పక్కకు తీసేవాడు. తీసేసిన వాటికి కూలి లేదు. అయితే వాటిని తిరిగి ఇచ్చేవాడూ కాదు, అవి కార్ఖానాలోనే ఉండిపోయేవి. వాటికేమయ్యేదో అందరికీ తెలుసు. ఆ గుమాస్తా మీద మా వాడకట్టు ఆడవాళ్లు ఒక జోకు కట్టారు. అవ్వ ఆ రాత్రి అది మళ్లీ చెప్పింది: "గుమాస్తా పెండ్లిచూపులకు పోయిండట. పిల్లను ఇట్ల ఏళ్ల నడుమ పట్టి నొక్కి చూసిండట. ఆకు పలుసగున్నది, ఇది పనికిరాదని పక్కకు పెట్టిండట. పక్కకు పెట్టినదాన్నే ఇంటికి తోల్కపోయిండట."

మా చెల్లె బిడ్డ నవ్వీ నవ్వీ కుర్చీలో వాలిపోయింది. నాకు నవ్వుతో పాటు భయం వేసింది. ఈ జోకులో శ్రమ దోపిడీ ఉంది, పెళ్లిచూపుల అవమానం ఉంది, కాదన్నదాన్నే వాడుకునే మగబుద్ధి ఉంది. నలభై ఏళ్లకు పైగా సాహిత్యం పాఠాలు చెబుతూ, సభల్లో స్త్రీల హాస్యం గురించి మాట్లాడుతూ తిరిగే మనవాళ్లెవరూ దీన్ని ఎక్కడా రాసుకోలేదు. అవ్వ పోతే ఇది పోతుంది.

రచయితల గది సంగతికి మళ్లీ వస్తాను. అక్కడ ఆడవాళ్లు లేకపోవడం ఏదో సహజంగా జరిగిపోయింది కాదు. 1982లో మొదలైన డేవిడ్ లెటర్‌మన్ 'లేట్ నైట్'కు మొదటి ప్రధాన రచయిత మెరిల్ మార్కో అనే స్త్రీ. ఆ షోకు పేరు తెచ్చిన, పెంపుడు జంతువుల వింత విద్యల అంశం ఆమె ఆలోచనే. అంటే తలుపు దగ్గర మొదట నిలబడ్డది ఆడదే. అయినా 2009 నాటికి ఏమైంది? లెటర్‌మన్, జే లెనో, కోనన్ ఓబ్రయన్ మూడు షోల గదుల్లో కలిపి ఒక్క ఆడ రచయిత లేదని నెల్ స్కోవెల్ 'వానిటీ ఫెయిర్' పత్రికలో బయటపెట్టింది. ఆ ఏడాది అమెరికా సుప్రీంకోర్టులో ఇద్దరు ఆడ జడ్జీలున్నారు. స్కోవెల్ 1990లో లెటర్‌మన్ దగ్గర కొన్ని నెలలు పనిచేసి, ఆడవాళ్లు గౌరవంగా ఉండగలిగే వాతావరణం లేదని బయటికొచ్చిన మనిషి. ఇరవై ఏళ్లు ఆగి రాసింది. ఆ ఇరవై ఏళ్లు ఎందుకు ఆగిందని అడిగేవాళ్లుంటారు. ఒకసారి నోరు విప్పితే ఇంకే గదిలోనూ కుర్చీ దొరకదని మనలో ఎవరికి తెలియదు?

బల్ల వెనక కుర్చీ కథ కూడా అలాంటిదే. కార్సన్ లేనప్పుడు షో నడిపిన జోన్ రివర్స్ 1986 అక్టోబరులో ఫాక్స్‌లో సొంత షో పెట్టుకుంది. కార్సన్ ఆమెతో మాటలు మానేశాడు. 1987 మే నాటికి ఆమె ఆ షోలో లేదు. సొంత ఇల్లు కట్టుకున్న కోడలికి పట్టిన గతే పట్టింది.

ఇక నా సంగతి. 2000 తర్వాత తెలుగు చానళ్లు పెరుగుతున్న రోజుల్లో హైదరాబాద్‌లో ఒక చానల్ వాళ్లు రాత్రి పూట ముఖాముఖి కార్యక్రమం మొదలుపెట్టారు. నా స్నేహితురాలు అక్కడ పనిచేసేది. ఆమె అడిగితే ఏడాది పాటు నేను ప్రశ్నలు రాసి పంపాను. శనివారం కాలేజీ అయ్యాక బస్సెక్కి పోయి, ఆదివారం రాత్రి తిరిగొచ్చేదాన్ని. మొదటి రోజే అక్కడి పెద్దాయన "మేడమ్, మీరు సీరియస్ ప్రశ్నలు రాయండి. జోకులు మావాళ్లు చూసుకుంటారు" అన్నాడు. సరే అన్నాను గానీ ప్రశ్నల మధ్యలో జోకులు దూర్చేదాన్ని.

ఒకసారి అతిథి ఒక రాజకీయ నాయకుడు. అప్పటికి మహిళా రిజర్వేషన్ బిల్లు పార్లమెంటులో పెట్టడం, మూలకు పడటం, మళ్లీ పెట్టడం నడుస్తోంది. నేను రాసిన ప్రశ్న ఇది: "మహిళా బిల్లు ఆడపిల్ల లాంటిదేనాండీ? 1996 నుంచి ప్రతి పార్టీ మా ఇంటి పిల్లే అంటుంది. పెళ్లి మాటెత్తితే మాత్రం వచ్చే ముహూర్తం చూద్దామంటుంది." కార్యక్రమం నడిపేవాడు ఒక్క అక్షరం మార్చకుండా అడిగాడు. నాయకుడికి నీళ్లు నమలడం తప్పలేదు. వారం తర్వాత ఒక పత్రికలో ఆ చురక వేసిన వ్యాఖ్యాత చమత్కారాన్ని మెచ్చుకుంటూ రాశారు. నేను ఆ కాగితం పట్టుకుపోయి, చివర్న పడే పేర్లలో నా పేరు వేయమని అడిగాను. పేర్లు పడే సమయంలో ప్రకటనలు వేస్తామనీ, అసలు ఎవరి పేర్లూ కనబడవనీ అన్నారు. అది నిజమే. కనబడకపోయినా మిగతా వాళ్ల పేర్లు ఆ జాబితాలో ఉన్నాయి, నాది లేదు. నా పారితోషికం వోచరు మీద 'ఇతర ఖర్చులు' అని ఉండేది, టీ, బిస్కెట్లతో పాటు.

ఆ బిల్లు 2023లో చట్టమైంది. జనగణన, ఆ తర్వాత నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలని ఆ చట్టంలోనే రాసి ఉంది. అంటే పెళ్లయింది గానీ కాపురానికి ముహూర్తం మిగిలే ఉంది. నా జోకుకు ఇంత ఆయుష్షు ఉంటుందని నేననుకోలేదు.

ఈ రంగం మీద ఆడవాళ్లే తీసిన సినిమా 2019లో వచ్చింది. పేరు 'లేట్ నైట్'. రాసింది మిండీ కేలింగ్, తమిళ తండ్రికీ బెంగాలీ తల్లికీ అమెరికాలో పుట్టిన పిల్ల. దర్శకురాలు నిషా గణాత్రా. బల్ల వెనక కేథరిన్ న్యూబరీ అనే స్త్రీ ఉంటుంది. ఎమ్మా థాంప్సన్ వేసింది. ఆమె రచయితల గదిలో అందరూ తెల్ల మగవాళ్లే. వాళ్ల పేర్లు కూడా ఆమెకు పట్టవు, అంకెలతో పిలుస్తుంది. షో చేజారుతుందన్న భయంతో, ఒక ఆడదాన్ని తెచ్చిపెట్టండి అంటుంది. అలా రసాయన కర్మాగారంలో పనిచేసే మోలీ పటేల్ వస్తుంది. గదిలో ఆమెకు కుర్చీ ఉండదు. చెత్తబుట్ట బోర్లించుకుని కూర్చుంటుంది. ఆ అంతస్తులో ఆడవాళ్లెవరూ లేరు కాబట్టి ఆడవాళ్ల బాత్‌రూమును మగవాళ్లు తమ అవసరాలకు వాడుకుంటుంటారు. ఈ రెండు దృశ్యాలకు నేను లేచి చప్పట్లు కొట్టాలనుకున్నాను. కేలింగ్ కూడా 2005లో 'ద ఆఫీస్' ధారావాహికలో రచయితగా చేరినప్పుడు ఎనిమిది మందిలో ఒక్కతే ఆడది, ఒక్కతే తెల్లజాతి కానిది. ఊహించి రాస్తే చెత్తబుట్ట తట్టేది కాదు.

కానీ ఆ సినిమా ముగింపు నాకు నచ్చలేదు. పైనున్న స్త్రీ మనసు మారగానే గది బాగుపడిపోతుంది. మన కుటుంబ కథల్లో అత్తగారి కళ్లు తెరుచుకున్నట్టు. గది మారడానికి ఒక మంచి మనసు చాలదు. ఎవరిని తీసుకుంటారు, ఎవరి పేరు వేస్తారు, ఎవరికి ఎంతిస్తారు అన్నవి రాతలో ఉండాలి.

ఈ సంగతి 2021లో మొదలైన 'హ్యాక్స్'కు ఇంకా బాగా తెలుసు. డెబొరా వాన్స్ అనే పెద్ద వయసు హాస్యనటి, ఎవా అనే చిన్న వయసు రచయిత్రి. డెబొరాకు చివరికి అర్ధరాత్రి షో దొరుకుతుంది. ఎవాను ప్రధాన రచయితను చేస్తానని మాటిచ్చి తప్పుతుంది. ఎవా బెదిరించి ఆ కుర్చీ సంపాదించుకుంటుంది. ఇద్దరూ మంచివాళ్లేం కాదు. నాకదే నచ్చింది. 2025లో వచ్చిన నాలుగో సీజన్లో ఎవాను తీసెయ్యమని చానల్ వాళ్లు పట్టుబడితే, డెబొరా ప్రసారం నడుస్తుండగానే జనానికి ఆ సంగతి చెప్పి షో వదిలేస్తుంది. జీవితమంతా కోరుకున్న కుర్చీని రాసిచ్చే మనిషి కోసం వదులుకోవడం! కల్పితమే. కానీ ముప్ఫై ఏళ్ల కింద లారీ శాండర్స్ ఆఫీసులో అది కల్పనకు కూడా అందని పని.

నిజం గదులు కూడా కొద్దికొద్దిగా మారాయి. బెవర్లీ 1990లలో ఫోన్లు ఎత్తింది. అమెరికా పెద్ద నెట్‌వర్కుల అర్ధరాత్రి టాక్ షోలో మొదటిసారి ఒక నల్లజాతి స్త్రీ రచయితగా చేరడానికి 2014 దాకా పట్టింది. ఆమె అంబర్ రఫిన్, షో సేథ్ మేయర్స్ నడిపే 'లేట్ నైట్'. ఆ తర్వాత అదే గదిలో రాసిన వాళ్లలో మన తెలుగు పిల్ల ఒకామె ఉంది, అపర్ణ నాంచెర్ల. తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వలసపోయిన డాక్టర్లు. అంతకు ముందు డబ్ల్యూ. కమావ్ బెల్ షోకు రాసింది. పెద్దగా అరవకుండా, తన బెంగల్ని తానే తడుముకుంటున్నట్టు మాట్లాడి నవ్విస్తుంది. 2023లో 'అన్‌రిలయబుల్ నెరేటర్' అనే వ్యాసాల పుస్తకం తెచ్చింది. తనకు దక్కినదానికి తాను తగననే అనుమానం మనిషిని ఎలా తొలుస్తుందో అందులో విషయం. ఆ అనుమానం ఆమె ఒక్కదాని స్వభావమని నేననుకోను. కుర్చీ లేని గదిలో చెత్తబుట్ట మీద కూర్చున్న వాళ్లందరికీ అది వస్తుంది. అమెరికా తెలుగువాళ్ల ఘనతల జాబితాలు మనకు కంఠతా వచ్చు. నాకు తెలిసిన ఇళ్లలో ఈమె పేరు చెబితే ఎవరూ తల ఊపలేదు. అర్ధరాత్రి అమెరికా నవ్విన నవ్వులో కొంత తెలుగింటి ఆడపిల్ల రాసిచ్చిందంటే మనకది ఘనతగా తోచదు.

తోచకపోవడానికి కారణం మన దగ్గరే ఉంది. 2013లో ఈటీవీలో మొదలైన 'జబర్దస్త్' తెలుగు ఇళ్లను ఎంత నవ్వించిందో అందరికీ తెలుసు. మొదటి ఏళ్లలో ఆ స్కిట్లలో భార్య, అత్త, మరదలు అన్నీ దాదాపు చీరకట్టిన మగవాళ్లే. ఆడవాళ్లు యాంకర్లుగా నిలబడి నవ్వాలి, జడ్జీగా కూర్చుని నవ్వాలి. ఆడదాని మీద జోకుంటుంది, ఆడదాని చీర ఉంటుంది, ఆడదాని మాట ఉండదు. మన జిల్లాల్లో ఇంతకు ముందు ఇలాగే ఉండేదనడానికీ లేదు. నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ దళిత కళాకారిణి. 2005లో చనిపోయింది. చిందు భాగవతంలో ఆడవేషాలే కాదు, మగవేషాలు కూడా కట్టి వేలమంది జనం ముందు ఆడింది. టీవీ వచ్చి మనల్ని ముందుకు తీసుకుపోయిందో, వెనక్కి నెట్టిందో లెక్క చూసుకోవాల్సిందే.

బాసర వాగ్దేవి ఊరు. రోజూ ఎక్కడెక్కడి నుంచో రైళ్లలో, బస్సుల్లో పిల్లల్ని తెచ్చి అక్షరాభ్యాసం చేయిస్తారు. ఆడపిల్లకూ మగపిల్లవాడికీ అదే పలక, అదే బలపం. ఆ గుడి చుట్టూ పెరిగిన మా అవ్వకు మాత్రం పలక దక్కలేదు. చాట దక్కింది. చుట్టిన బీడీలకు కూడా ఆమె పేరు దక్కలేదు. కార్ఖానా పాస్‌బుక్ మా నాయనమ్మ పేరు మీద ఉండేది, చుట్టేది నలుగురు. పీఎఫ్ జమ అయ్యింది పాస్‌బుక్ ఉన్న ఒక్క పేరుకే. ఇరవై ఏళ్లు బీడీలు చుట్టినట్టు అవ్వ దగ్గర ఒక్క కాయిదం లేదు. అంటే పేరు పడటం అనేది కీర్తి కోసం పడే ఆరాటం ఒక్కటే కాదు. పేరుంటే కూలి, పేరుంటే రేపటి భరోసా. చానల్ వోచరుకూ కార్ఖానా పాస్‌బుక్‌కూ తేడా నాకు కనబడటం లేదు.

ఆ పది రోజుల తర్వాత నేను ఒక పని మొదలుపెట్టాను. బీడీల దగ్గర చెప్పుకున్న జోకులు, పొడుపులు, ఎకసెక్కాలు అవ్వ చెబుతుంటే రాసుకుంటున్నాను. ఇప్పటికి నోటుబుక్కు సగం నిండింది. పుస్తకంగా వేస్తాననీ, అట్ట మీద ఆమె పేరే వేస్తాననీ చెప్పాను. సంతోషపడుతుందనుకున్నాను. కోప్పడింది.

"నా ఒక్కదాని పేరు పెడ్తవా? గవన్ని నేనొక్కదాన్నే జెప్పిన్నా? ఒకామె ఎత్తుకునేది, ఇంకొకామె అందుకునేది, మరొకామె తోక పెట్టేది. ఎనమండ్రం కూసునేది. పెడ్తె అందరి పేర్లు పెట్టు, లేకుంటె ఇడిసిపెట్టు."

రచయితల గది అంటే ఏమిటో అవ్వకు నేను నేర్పేదేముంది? ఆమె ఒక గదిలో ఇరవై ఏళ్లు పనిచేసింది. ఏ జోకు ఎవరిదో విడదీయలేమని ఆమెకు తెలుసు. విడదీయలేం కాబట్టి ఎవరి పేరూ వేయనక్కర్లేదని చానల్ వాళ్లు నాకు చెప్పారు. విడదీయలేం కాబట్టి అందరి పేర్లూ వేయాలని అవ్వ అంటోంది. ఈ రెంటి మధ్య ఉన్న దూరమే నా దృష్టిలో స్త్రీవాదం.

ఈ వ్యాసంలో గుమాస్తా జోకు ఒక్కటి వాడుకోవడానికి వాడకట్టు మొత్తం పేరు మీద ఒప్పుకుంది. మిగతావి పేర్లు దొరికాకే. ఎనిమిది మందిలో అవ్వ కాక మరొకామె బతికి ఉంది. నలుగురి పేర్లు వాళ్ల పిల్లల దగ్గర దొరికాయి, వేయడానికి వాళ్లు ఒప్పుకున్నారు. మిగిలిన ఇద్దరిని అవ్వ కూడా పేరుతో ఎరగదు. ఒకామె కుమ్మరోళ్ల చిన్నకోడలు. ఇంకొకామె నవీపేట నుంచి వచ్చిన పిల్ల. అందరికన్నా బాగా నవ్వించేది ఆ నవీపేట ఆమెనట. ఓటరు జాబితాలు తిరగేశాను, పాత పాస్‌బుక్కులు అడిగాను. వచ్చే వారం నవీపేట పోతున్నాను.